మెర్సిడెస్-బెంజ్ మ్యూజియం

మెర్సిడెస్-బెంజ్ మ్యూజియం జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, కంపెనీకి చెందిన ఉంటర్‌టూర్క్‌హైమ్ ఫ్యాక్టరీ గేటు బయట ఉంది. ఇప్పటి భవనాన్ని 2006 మే 19న ప్రారంభించారు. అంతకు ముందు ఈ మ్యూజియం ఫ్యాక్టరీ ప్రహరీ లోపలే ఉండేది.

కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి 1886 జనవరి 29న పేటెంటు కోరాడు. అదే ఏడాది గోట్లీబ్ డైమ్లర్ ఒక గుర్రబ్బండి తెప్పించి దానికి ఇంజను బిగించాడు. ఇద్దరి కంపెనీలూ 1926లో ఒకటయ్యాయి. కారుకు 50 ఏళ్లు నిండిన 1936లో ఫ్యాక్టరీలో మ్యూజియం తెరిచారు. 75 ఏళ్లకు, 1961లో, దానికి కొత్త భవనం వచ్చింది. శతాబ్ది ఉత్సవాలప్పుడు దాని రూపు మార్చారు. పండగొస్తే తప్ప ఈ కంపెనీకి మ్యూజియం గుర్తుకు రాదేమో అనిపిస్తుంది.

చిక్కల్లా లోపలికి వెళ్లడంలోనే ఉండేది. పని జరిగే ఫ్యాక్టరీలో బయటివాళ్లను యథేచ్ఛగా తిరగనివ్వరు కదా! సందర్శకులను గేటు దగ్గర బస్సెక్కించి మ్యూజియం దాకా తీసుకెళ్లేవారు. కొత్త భవనంతో మ్యూజియం రోడ్డు మీదికి వచ్చింది.

దీన్ని డిజైన్ చేసింది నెదర్లాండ్స్‌కు చెందిన యూఎన్ స్టూడియో. లోపలి ప్రదర్శనను హెచ్.జి. మెర్జ్ రూపొందించాడు. ఎత్తు 47.5 మీటర్లు, ప్రదర్శన స్థలం 16,500 చదరపు మీటర్లు, వాహనాలు సుమారు 160.

చూడటం పైనుంచి మొదలవుతుంది. లిఫ్టులో పై అంతస్తుకు చేరగానే ఎదురయ్యేది కారు కాదు, తెల్ల గుర్రం బొమ్మ. గుర్రమే శాశ్వతం, కారు నాలుగు రోజుల ముచ్చట అని రెండో విల్‌హెల్మ్ చక్రవర్తి అన్నట్టు చెప్పే మాట అక్కడే ఉంటుంది. కార్ల కంపెనీ తన కథను ఇలా ఎత్తుకోవడం గడుసుతనమే. అక్కడి నుంచి డీఎన్‌ఏ మెలికల్లా రెండు దారులు కిందికి దిగుతాయి. ఒకటి కాలక్రమంలో చరిత్ర చెబుతుంది. రెండోదానిలో బస్సులు, లారీలు, ప్రముఖులు వాడిన కార్లు. మధ్యలో ఒక దారి నుంచి మరోదానికి మారవచ్చు.

అంతస్తులను విడదీసే గోడలు లేని ఈ అమరిక కంటికి బాగుంటుంది కానీ, నిప్పంటుకుంటే పొగ ఎక్కడికైనా పాకుతుంది. అందుకే గోడల్లోని 144 నాజిళ్ల నుంచి గాలిని వేగంగా వదిలి, భవనం నడిమి ఖాళీలో 34 మీటర్ల పైచిలుకు ఎత్తున సుడిగాలి పుట్టించే ఏర్పాటు చేశారు. అది పొగను లాగి పైకప్పు నుంచి బయటికి పంపుతుంది. కృత్రిమ సుడిగాలుల్లో ఎత్తయినదిగా గిన్నిస్ పుస్తకానికీ ఎక్కింది.