పలకరింపు (చిత్తూరు పడమటి మండలాల వాడుక)

పలకరింపు అంటే ఎదురుపడిన మనిషితో మాట కలపడం. మర్యాద పలకరింపుకు తెలుగులో నమస్కారం, దండం వంటి విడి మాటలున్నాయి. చనువు పలకరింపుకు అలాంటి మాట ఏదీ స్థిరపడలేదు. ఒక వరసకు ఒక ప్రశ్న తోడైతే చాలు: "ఏమ్నా, బాగుండావా?" పెద్దపంజాణి, పుంగనూరు, పలమనేరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాల వాడుక ఈ వ్యాసానికి ప్రధాన ఆధారం.

రూపం

ఈ ప్రాంతంలో "అన్నా" కుదించుకుపోయి "నా", "అక్కా" కుదించుకుపోయి "కా" అవుతాయి. సమవయస్కుల మధ్య "ఏమప్పా", "ఏమబ్బా" నడుస్తాయి. నేస్తురాళ్లు "ఏమ్మే" అనుకుంటారు. రక్తసంబంధం లేకపోయినా, కులం వేరైనా ఊళ్లో ప్రతి ఒక్కరికీ ఒక వరస ఉంటుంది. మామ, బావ వరసలకు ఎగతాళి చెల్లుతుంది. పిన్నమ్మ, పెదనాయన వరసలకు చెల్లదు. అందుకే పలకరింపులోని మొదటి మాట వినగానే ఆ ఇద్దరూ ఎంతవరకు నవ్వుకోవచ్చో పక్కవాడికి తెలిసిపోతుంది.

ప్రశ్నల్లో తిండిది పెద్దపీట. "సంగటి తింటివా?" అన్నది భోజనానికి పిలుపు కాదు. "అయిందిలేనా, నీదీ?" అన్నది దానికి సరిపడే జవాబు. "యాడికి పోతావుండావ్?" అని అడిగినవారికి ఊరి పేరు అక్కర్లేదు. "ఈడికే" అన్నా మర్యాద దక్కినట్టే. పనిమీద గడప దాటుతున్న మనిషిని మాత్రం "ఎక్కడికి?" అని నేరుగా అడగరు, అపశకునమని నమ్మకం. "ఎందాకా?", "దూరమా?" అంటారు. సెలవు తీసుకునేవారు "పోతా" అనరు, "పోయొస్తా" అంటారు. సమాచారం కోసం కాక మనుషుల మధ్య ముడి నిలుపుకోవడం కోసం ఆడే ఇలాంటి మాటలకు మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1923లో ఫాటిక్ కమ్యూనియన్ అని పేరు పెట్టాడు.

తొలి కాలం

సుమారు 575 నాటి కలమళ్ల శాసనం మొదలుకొని తెలుగు శాసనాల్లో దానాలు, బిరుదులు, ఎల్లలు, శాపాలు ఉన్నాయి. బాటలో ఎదురుపడ్డ ఇద్దరు ఏమనుకున్నారో చెక్కించవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. తరువాతి శతాబ్దాల్లో శివభక్తుల "శరణు", సైన్యాలతో, కచేరీలతో వచ్చిన "సలాము" వాడుకలో చేరాయి.

పందొమ్మిది, ఇరవయ్యో శతాబ్దాలు

మాట్లాడే తెలుగుకు అక్షరరూపం ఇవ్వడంలో ఈ కాలం సంపన్నమైనది. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును అచ్చు వేయించాడు. కచేరీల్లో, సంతల్లో వినబడే అరబీ, పారశీ మాటలను కూడా తోసివేయక, 1854లో మిశ్రభాషా పదాలకు వేరే నిఘంటువు కూర్చాడు.

గురజాడ అప్పారావు "కన్యాశుల్కం" 1892లో రంగస్థలమెక్కి 1897లో అచ్చయింది. "ఒరే", "ఏమోయ్", "ఏమండీ"ల మధ్య ఎన్ని మెట్లున్నాయో ఆ నాటకం పాత్రల నోటనే చూపించింది. గిడుగు రామమూర్తి (1863–1940) నడిపిన వ్యావహారిక భాషోద్యమం ఈ మాటలకు రాతలో చోటు సంపాదించి పెట్టింది.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె తాలూకా కడప జిల్లా నుంచి, పలమనేరు తాలూకా ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చి చేరాయి. పడమటి మండలాల మాటలో కడప యాస, తమిళ సీమ గాలి, పక్కనున్న కోలారు కన్నడం కలిసి వినిపించడం సహజమే. భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012) సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను పల్లెల్లో సేకరించింది. ఆయన తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించారు. కోస్తాలో "బాగున్నావా", తెలంగాణలో "మంచిగున్నవా" అనే చోట ఇక్కడ "బాగుండావా" అంటారు.

తిరుపతి దగ్గరి మిట్టూరుకు చెందిన నామిని సుబ్రహ్మణ్యంనాయుడు "పచ్చనాకు సాక్షిగా", "సినబ్బ కతలు" వంటి రచనల్లో చిత్తూరు జిల్లా పిలుపులను ఏ సవరణా లేకుండా వినిపించారు.

హెచ్చుతగ్గులు

చనువు అందరికీ సమానంగా అందలేదు. అగ్రకులపు పిల్లవాడు దళితవాడలోని ముసలాయనను "ఏరా" అనడం, ఆయన తిరిగి "సామీ" అనడం చాలాకాలం మామూలు సంగతిగా చెలామణి అయింది. తెలంగాణలో "బాంచెన్, కాల్మొక్తా" అదే వ్యవస్థకు గుర్తు. "జై భీమ్", "లాల్ సలాం" వంటివి దీనికి ఎదురుగా పుట్టిన సమాన పలకరింపులు. క్రైస్తవుల "వందనాలు" కూడా పెద్దాచిన్నా తేడా లేకుండా చెప్పుకొనేదే.

ఇతర భాషలతో పోలిక

తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీతో పోలిస్తే ఆసక్తికరమైన చుట్టరికం బయటపడుతుంది. అక్కడ "హబారి?" అని అడిగితే "న్జూరి" (బాగు) అని జవాబు. ఈ "హబారి", మన "కబురు", "ఖబడ్దార్" అన్నీ అరబీ "ఖబర్" సంతానమే. కుర్రకారు మధ్య "మాంబో?" అంటే "సంగతులేంటి?" అని అర్థం, "పోవా" అన్నది జవాబు. పెద్దలకు చెప్పే "షికామూ"కు మూలార్థం "మీ కాళ్లు పట్టుకుంటున్నా" అని చెబుతారు. పెద్దలు "మరహబా" అని అందుకుంటారు. స్వాహిలీలో చనువుకూ మర్యాదకూ మాటలే వేరు. తెలుగులో ఆ బరువు వరస మోస్తుంది.

ఇటీవలి మార్పులు

బెంగళూరుకు పనులకు, చదువులకు వెళ్లివచ్చే కుర్రవాళ్లతో "మచ్చా", "గురూ" ఊళ్లలోకి వచ్చాయి. టెలిఫోను తొలినాళ్లలో గ్రాహంబెల్ "అహోయ్" అనాలన్నా, ఎడిసన్ మెచ్చిన "హలో" నిలిచింది. తెలుగులోనూ అదే పాతుకుపోయింది. సెల్‌ఫోను వచ్చాక ఎదుటిమనిషి కనబడడు కాబట్టి పాత ప్రశ్న కొద్దిగా మారింది. "యాడికి?" పోయి "యాడుండావ్?" వచ్చింది. జవాబు మాత్రం ఇప్పటికీ "ఈడేనా" అనే.