స్వీయప్రచురిత చిన్న పత్రికల్లో హాస్యం

వ్యాపార సంస్థల అండ లేకుండా, సాహిత్యాభిమానులు తమ ఖర్చుతో తామే రాసి, నకళ్లు తీసి, పరిమిత సంఖ్యలో పంచుకునే పత్రికలను స్వీయప్రచురిత పత్రికలంటారు. తెలుగులో ఇవి ముఖ్యంగా మూడు రూపాల్లో కనిపిస్తాయి: ఒకటి రెండు ప్రతులే చేతులు మారే లిఖిత పత్రిక, బడిలోనో గ్రంథాలయంలోనో అంటించే గోడ పత్రిక, సైక్లోస్టైల్ మీదనో సొంత అచ్చు యంత్రం మీదనో వెలువడే చిన్న పత్రిక. రాసేవారికీ చదివేవారికీ ముఖపరిచయం ఉండటం వల్ల ఈ పత్రికల్లో హాస్యానికి ప్రత్యేక స్థానం ఏర్పడింది.

చరిత్ర

తెలుగు హాస్య పత్రికల తొలి ఘట్టమే ఇద్దరు పండితుల సొంత పత్రికల పోటీ. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధనిని ప్రారంభించగా, కొక్కొండ వెంకటరత్నం పంతులు అప్పటికే ఆంధ్రభాషా సంజీవనిని నడుపుతున్నారు. ఈ రెండు పత్రికల వాదోపవాదాల్లోంచే వీరేశలింగం వైపు నుంచి హాస్యసంజీవని, కొక్కొండ వైపు నుంచి హాస్యవర్ధని పుట్టాయి. ఒకరి పత్రిక పేరులోని సగాన్ని మరొకరు తమ హాస్య పత్రికకు తగిలించుకోవడంతో పరిహాసం శీర్షికలోనే మొదలైంది. సాంఘిక దురాచారాలను ఎగతాళి చేసే చిన్న నాటికకు ప్రహసనమని పేరు. వీరేశలింగం ఆ ప్రక్రియను హాస్యసంజీవని ద్వారా పాఠకులకు అందించారు.

నిజాం రాజ్యంలో తెలుగు పత్రికలు అరుదైన కాలంలో, 1922లో ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి గ్రామం నుంచి తెనుగు వారపత్రికను సొంత ముద్రణాలయంలో వెలువరించారు. అది హాస్య పత్రిక కాకపోయినా, పల్లె నుంచే స్వతంత్రంగా పత్రిక నడపవచ్చని తెలంగాణలో నిరూపించింది.

పిల్లల చేతుల్లో పుట్టిన పత్రికకు మద్రాసులోని ఉదయభాను మంచి ఉదాహరణ. బాల అనే పిల్లల పత్రికలో తొలి రచనలు అచ్చయిన ఉత్సాహంతో ముళ్లపూడి వెంకటరమణ సంపాదకుడుగా, బాపు చిత్రకారుడుగా దీన్ని సైక్లోస్టైల్‌పై తీశారు. మైనపు పూత ఉన్న కాగితంపై ఇనుప గంటంతో గీసి, ఆ గీతల గుండా సిరాను కింది కాగితానికి దింపే పద్ధతి సైక్లోస్టైల్. చవకగా పదుల కొద్దీ ప్రతులిచ్చే ఈ పద్ధతిలో పలుచని గీత బొమ్మలే బాగా పడతాయి. ఆ ఇద్దరూ తరువాత బుడుగు అనే అల్లరి పిల్లవాడి పాత్రతో తెలుగు హాస్యానికి కొత్త గొంతునూ గీతనూ ఇచ్చారు.

చేతిరాత పత్రిక పద్ధతి విదేశాల్లోని తెలుగువారికీ పనికొచ్చింది: అమెరికాలో తెలుగు అచ్చు అక్షరాలు అందుబాటులో లేని 1970లో, పెమ్మరాజు వేణుగోపాలరావు సంపాదకత్వంలో తెలుగు భాషా పత్రిక చేతిరాత ప్రతుల రూపంలో అట్లాంటా నుంచి వెలువడింది.

ఇతర దేశాల్లో

ఒకే అభిరుచి గలవారు తీసుకునే పత్రికకు ఫ్యాన్‌జైన్ అనే పేరును 1940లో అమెరికన్ వైజ్ఞానిక కల్పనా సాహిత్యాభిమాని లూయీ రస్సెల్ షోవెనే పెట్టారు. బెల్‌ఫాస్ట్‌కు చెందిన వాల్ట్ విల్లిస్, బాబ్ షా 1954లో రాసిన ది ఎన్‌చాంటెడ్ డూప్లికేటర్‌లో, లోపం లేని ఫ్యాన్‌జైన్ తీయాలన్న తపనతో మాయా నకలు యంత్రాన్ని వెతుక్కుంటూ పోయే కథానాయకుడి ద్వారా, పత్రిక తీసేవారు తమ పిచ్చిని తామే నవ్వులపాలు చేసుకున్నారు.

లక్షణాలు

ఈ హాస్యానికి ప్రధాన వనరు పత్రిక సొంత లేమి: ఆలస్యమైన సంచిక, అలికిపోయిన సిరా, అందని చందా, అచ్చుతప్పు ఇవన్నీ సంపాదకీయ పరిహాసానికి ముడిసరుకులు. కల్పిత పాఠకుల ఉత్తరాలు, దొంగ ప్రకటనలు, పేరడీలు, మారుపేర్ల రచనలు ఇందులో తరచుగా కనిపిస్తాయి. పేరడీ అంటే ప్రసిద్ధ రచన నడకను అనుకరిస్తూ నవ్వు పుట్టించే రచన. వ్యక్తుల మీది చురకలు ఆ చిన్న బృందానికే అర్థమవుతాయి. ఆ సన్నిహితత్వమే వీటి బలం, పరిమితి కూడా. ప్రతులు తక్కువ కావడంతో చాలా పత్రికలు కాలగర్భంలో కలిసిపోగా, దొరికిన సంచికల్లోని పరిహాసం కూడా నాటి మనుషుల వివరాలు తెలిపే వివరణ తోడైతే తప్ప నేటి పాఠకుడికి పూర్తిగా అందదు.