బనూ సాలిం పేరు మిగిలింది, ఖబీలా మిగల్లేదు



అందలూస్ అనగానే మనకు ఖుర్తుబా మస్జిద్, గర్నాతాలోని అల్‌హమ్రా గుర్తొస్తాయి. అవి చూసి ఫఖర్ పడతాం, "ఏం రోజులవి!" అని అఫ్సోస్ పడతాం. కానీ తారీఖ్ మహళ్లలోనే ఉండదు. పొలంలో, బావిలో, గానుగలో కూడా ఉంటుంది. అందుకే ఈసారి స్పెయిన్ తూర్పు సముద్రంలోని మాయోర్కా దీవికి, అక్కడి పల్లెల్లో ఉన్న పాత జమీందారీ ఇళ్లకు మిమ్మల్ని తీసుకెళ్తాను.

902లో ఇసామ్ అల్ ఖౌలానీ ఈ దీవిని ఫతహ్ చేశాడు. అరబ్బీలో దీని పేరు మయూర్ఖా. అరబ్, బర్బర్ ఖబీలాలు వచ్చి కొండవాలుల్లో మెట్లు మెట్లుగా పొలాలు కట్టుకున్నాయి, ఊటనీటిని కాలువల్లో మళ్లించాయి. ఊరిని ఖర్యా అన్నారు. ఉర్దూలోనూ పల్లెకు ఖర్యా అనే మాట ఉంది కదా, అదే లఫ్జ్. విడిగా ఉన్న జాయిదాద్‌ను రహల్ అన్నారు. చాలా ఊళ్లకు ఖబీలా పేరే ఊరి పేరయింది: బనూ ఫలానా, అంటే ఫలానా వాళ్ల ఔలాద్.

1229 డిసెంబర్ 31న అరగాన్ రాజు మొదటి జేమ్స్ రాజధాని మదీనా మయూర్ఖాను పట్టుకున్నాడు. నగరంలో ఖత్లేఆమ్ జరిగింది. కొండల్లోకి వెళ్లినవాళ్లు మరో రెండు మూడేళ్లు పోరాడారు. చివరికి కొందరు సముద్రం దాటిపోయారు, ఎందరో గులాములయ్యారు. ఒకప్పుడు తమవైన పొలాల్లోనే కొత్త యజమానుల కోసం పని చేశారు. పక్కనున్న మినోర్కా 1231లో ఖిరాజ్ కడతామని సులహ్ చేసుకుని కొంతకాలం బతికింది. 1287లో దాని వంతూ వచ్చింది. ఫిద్యా కట్టగలిగినవాళ్లు వెళ్లిపోయారు, కట్టలేనివాళ్లను అమ్మేశారు.

భూమి పంపకాల దఫ్తర్ 1232లో తయారైంది. అది లాటిన్‌, కటలాన్‌లతో పాటు అరబ్బీలోనూ ఉంది. ఏ ఖర్యా, ఏ రహల్ ఎవరికి దక్కిందో అందులో రాశారు. పాత పేర్లు లేకుండా భూమిని గుర్తుపట్టడం ఎలా? అందుకే మనుషులు పోయినా పేర్లు మిగిలాయి.

తర్వాతి శతాబ్దాల్లో ఈ ఖర్యాలు, రహల్‌లు కలిసి పెద్ద ఎస్టేట్లు అయ్యాయి. వాటిని అక్కడ పొస్సెస్సియో అంటారు. మాటకు అర్థమే మిల్కియత్. మధ్యలో సెహన్, చుట్టూ గదులు, కొన్నింటికి దొంగల భయానికి కట్టిన బురుజు. పై అంతస్తు దొరలది, కింది అంతస్తు కౌలుదారు కుటుంబానిది. దొరలు ఎక్కువ కాలం పట్నంలోనే ఉండేవారు. మెహనత్ అంతా కౌలుదార్లది, కూలీలది, ఆలివ్ కాయలు ఏరే ఆడవాళ్లది.

ఆ ఇంటి పనిముట్ల పేర్లు వినండి. నూనె గానుగ తఫోనా, మన తాహూనా. కచ్చరం తిప్పే రాయి కింద కాయలు నలిగేవి, ఆ ముద్దను గడ్డి చాపల్లో పేర్చి పెద్ద దూలంతో నొక్కితే నూనె దిగేది. కాలువ సెకియా, అంటే సాఖియా. నీళ్లిచ్చేవాణ్ని సాఖీ అంటాం, ధాతువు అదే. నీటి తొట్టి అల్జుబ్. సూరా యూసుఫ్ చదివినవాళ్లకు జుబ్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. బున్యోలా దగ్గరి అల్ఫాబియా అనే ఇంటి ద్వారం పైకప్పు చెక్కల మీద అల్లాహ్‌ను స్తుతించే అరబ్బీ అక్షరాలు నేటికీ ఉన్నాయి. వాటి పక్కనే అరగాన్ రాజచిహ్నమూ ఉంది. అది ఏ కాలం నాటిదన్న దానిపై ఆలిముల్లో ఇఖ్తిలాఫ్ ఉంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఊళ్ల పేర్లే. బినిసలేమ్, బినియాలీ లాంటివి పాత పేర్లు, 'బిని' అంటే బనూ. సోన్ మర్రోయిగ్ లాంటివి కొత్త పేర్లు, 'సోన్' అంటే 'ఫలానా ఆయన సొత్తు'. మొదటి పేరు ఒక ఖాందాన్ గురించి చెబుతుంది, రెండోది ఒక మాలిక్ గురించి. గెలిచినవాళ్లలోని గరీబులకూ ఈ మార్పు మేలు చేయలేదు. అప్పులు, పన్నులు భరించలేక 1450లో పల్లె క్రైస్తవ రైతులే రాజధానిని ముట్టడించారు. రాజు ఫౌజ్ వాళ్లను అణచివేసింది. జుల్మ్‌కు మజహబ్ అడ్డం కాలేదు.

బినిసలేమ్‌ను బనూ సాలిం అని చదువుతారు. ఆ ఊరు నేడు దేనికి మషహూరో తెలుసా? ద్రాక్షసారాకు. నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇందులో మనకు ఇబ్రత్ ఉంది. పేరు దానంతటదే మనిషిని కాపాడదు. కానీ పేరు కూడా పోతే, ఇక్కడ ఒకరు బతికారన్న గవాహీయే ఉండదు. మీ ఊళ్లో చెరువు, బావి, మొహల్లా, ఖబరస్తాన్‌లకు ఆ పేర్లు ఎలా వచ్చాయో ఇంట్లో బుజుర్గులు ఉండగానే అడిగి రాసుకోండి. పిల్లలతోనే రాయించండి. మహళ్ల సంగతి హుకూమత్‌లు చూసుకుంటాయి, బావుల సంగతి మనమే చూసుకోవాలి.