గడువు దాటిన హక్కు

1937 వ సంవత్సరపు వేసవిలో సముద్రతీరమునందలి కొత్తపట్నమున నొక రాజకీయ పాఠశాల నెలకొల్పబడెను. ఆ గ్రామ మప్పుడు గుంటూరు జిల్లాలోనిది. నేడు ప్రకాశము జిల్లాలోనిది. యువజనులకు ఆర్థిక రాజకీయ విషయములను బోధింపబూనిన యా పాఠశాలను చెన్నపురి ప్రభుత్వము నిషేధించెను. తన హక్కు నెఱిగిన మనుష్యుని చూచి పాలకులు జంకుట క్రొత్త గాదు. హక్కు నెఱుగుట యెంత యవసరమో, దానిని సకాలమున నెఱుగుటయు నంత యవసరము. పనివారి తొలగింపు చట్టముయొక్క చరిత్రమే యిందుకు నిదర్శనము.

తప్పుచేసినందులకు శిక్షగా గాక, పని తగ్గినదనియో యంత్రములు వచ్చినవనియో యజమాని పనివారిని తీసివేయుటను రిట్రెంచిమెంటందురు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమున దీనికి ప్రత్యేక విధులు లేకుండెను. అవి 1953 లో చేర్పబడెను. ఏడాదిలో 240 దినములు పనిచేసిన వానిని తీసివేయుటకు కారణములు చూపుచు నెలనాళ్ల నోటీసుగాని నెల వేతనముగాని యీయవలెను; నిండిన ప్రతి యేటి సేవకును 15 దినముల సగటు వేతనమును పరిహారముగా నప్పుడే చెల్లింపవలెను; ప్రభుత్వమునకు తెలుపవలెను. కడపట చేరినవాడు మొదట వెడలుట సామాన్య నియమము. మరల పని కలిగినప్పుడు పోయినవారికే తొలి పిలుపు.

గుంటూరు సీమలో పేరుపడిన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంటు కంపెనీ కొన్ని పొగాకు డిపోలను మూయగా పనివారు వివాదము తెచ్చిరి. నిజముగా మూసిన డిపోను మరల తెఱువుమని శాసించు నధికారము ట్రిబ్యునలునకు లేదని సుప్రీముకోర్టు తీర్చెను. ఆ తీర్పు 1970 నాటి న్యాయనిర్ణయ సంపుటములలో నున్నది. తలుపు తెఱపింపలేని పనివానికి తన్ను పంపు పద్ధతియందలి న్యాయమే మిగిలిన రక్ష.

ఆ పద్ధతి తప్పినచో నెంతకాలములో నడుగవలెను? 1947 నాటి చట్టము గడువు చెప్పలేదు. ప్రభుత్వము “ఎప్పుడైనను” వివాదమును న్యాయస్థానమునకు పంపవచ్చుననెను. పంజాబులోని యొక సహకార విక్రయ సంఘమునుండి 1974 లో తొలగింపబడిన యుద్యోగి 1981 వఱకు నోరు తెఱవలేదు. కాలపరిమితి చట్ట మిట్టి వివాదములకు వర్తింపదనియు, ఆలస్యమాత్రమున హక్కు నశింపదనియు సుప్రీముకోర్టు 1999 లో చెప్పెను. కాని యతడు మౌనముగా నున్న యేండ్ల జీత మిప్పింపలేదు. మఱుసటి యేడు నెడుంగాడి బ్యాంకు వ్యాజ్యమున, ఉద్యోగము పోయిన యేడేండ్లకు లేచిన వివాదము చల్లారిపోయినదని త్రోసివేసెను. 240 దినములు పనిచేసితినని ఋజువుచేయు భారము పనివానిదేయని 2002 లో తేల్చెను. నోటీసు పరిహారముల విధి తప్పినంతమాత్రమున దినకూలికి పని తిరిగి యిప్పింపనక్కఱలేదు, సొమ్ముతో సరిపుచ్చవచ్చునని 2009 లో చెప్పెను.

ఇంతలో శాసనములును మాఱెను. తొలగింపబడినవాడు ప్రభుత్వముతో నిమిత్తము లేక తానే కార్మిక న్యాయస్థానమున కేగవచ్చునని 1987 లో ఆంధ్రప్రదేశమున సవరణ వచ్చెను. 2010 లో దేశమంతట నట్టి దారి యేర్పడెను, మూడేండ్ల గడువుతో. 2020 లో చేయబడిన పారిశ్రామిక సంబంధముల స్మృతి 2025 నవంబరు 21 న నమలులోనికి వచ్చెను; దాని ప్రకారము వివాదము పుట్టి రెండేండ్లు దాటినచో రాజీ యధికారి విచారణ జరుపరాదు.

ఆలస్యమునకు సోమరితనమే కారణమనుట యన్యాయము. వచ్చు సీజనునకు మరల పిలుతురను నాశ యొకటి. ఎదిరించినచో మఱెవ్వరును పని యీయరను భయమొకటి. నోటిమాటతో పంపివేయగా చేత కాగితము లేకుండుట యింకొకటి. ఏండ్లు గడచినకొలది యజమాని లెక్కలు దొరకకపోవచ్చును, సాక్షులు చెదరిపోవచ్చును. భారము మాత్రము బీదవానిదే.

చదువరులారా, మన యింట పాచిపని చేయు నామె కుమారుడు పత్తిమిల్లులోనో మిరపకాయల గిడ్డంగిలోనో పనిచేయుచుండవచ్చును. వానిని తీసివేసినారని విన్ననాడు “పాపము” అని యూరకుండక, తేదీ వ్రాసిపెట్టుడు; జీతపు చీట్లు భద్రపఱపించుడు; ఆ నెలలోనే కార్మికశాఖకు అర్జీ వ్రాసియిండు. అర్జీకి పట్టునది యొక్క సాయంకాలము. అది లేక యేడేండ్ల పిమ్మట న్యాయస్థానమెక్కినవాని గతి పైన చూచితిమి.