ఆడపిల్లకు బాల్యం ఎన్నాళ్లు?



నిన్నటిదాకా వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడిన పన్నెండేళ్ల పిల్లని ఇవాళ "పెద్దమనిషి అయింది" అంటాం. పేరంటం చేస్తాం, అక్షింతలు వేస్తాం. బాగానే ఉంది. కానీ ఒక్క రోజులో ఆ పిల్ల నిజంగా పెద్దదైపోతుందా? బాల్యం ఎక్కడితో ముగుస్తుందన్న ప్రశ్నకి ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది.

వెనకటి ధర్మశాస్త్రాలు ఎనిమిదేళ్ల పిల్లను గౌరి అనీ, తొమ్మిదేళ్ల పిల్లను రోహిణి అనీ, పదేళ్ల పిల్లను కన్య అనీ అన్నాయి. పేర్లు ముద్దుగానే ఉన్నాయి. కానీ అవి తల్లిదండ్రుల్ని పెళ్లికి తొందరపెట్టే పేర్లు. ఆ తొందర ఎంతదాకా పోయిందో గురజాడ అప్పారావుగారు 1897లో 'కన్యాశుల్కం' పీఠికలో లెక్కలతో చూపించారు. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లకు విజయనగరం మహారాజు జాబితా రాయిస్తే 1,034 తేలాయట. అందులో ఐదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు! ఉయ్యాల్లో పిల్లకి మంగళసూత్రమన్నమాట.

మరి చట్టం ఏమంది? 1860 నాటి శిక్షాస్మృతి భార్యకు పదేళ్లు దాటితే చాలంది. 1890లో కలకత్తాలో ఫూల్‌మణి అనే పసిపిల్ల భర్త చేతిలో ప్రాణం పోగొట్టుకున్న కేసు విచారణకొచ్చింది. పదేళ్లు దాటాయి గనుక, అతన్ని అత్యాచారం కింద శిక్షించే వీలు లేకపోయింది. మరుసటి ఏడు, 1891లో, ఆ వయసు 12 చేశారు. అంతమాత్రానికే "మా మతంలో సర్కారు జోక్యమేమిటి?" అని పెద్దపెద్దవాళ్లే గగ్గోలు పెట్టారు.

1929లో శారదా చట్టం ఆడపిల్ల పెళ్లివయసు 14 అంది. 1949లో 15 అయింది, 1978లో 18 అయింది. చూశారా, ఒక్కొక్క ఏడు బాల్యాన్ని ఆడపిల్లకి ఎంత కష్టపడి సంపాదించిపెట్టారో!

ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20-24 ఏళ్ల యువతుల్లో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మంది.

అందుకే, అమ్మలూ, అత్తయ్యలూ, ఈసారి మన ఇంట్లో పేరంటం జరిగితే ఆ పిల్లకి అక్షింతలు వేసి, పసుపు రాసి, మర్నాడు మళ్లీ పుస్తకాల సంచీ చేతికిద్దాం. తొక్కుడుబిళ్ల కూడా దాచెయ్యకండి. పెద్దమనిషి అయినా, అది ఇంకా చిన్నపిల్లే.