షెర్గొట్టి ఉల్క

బిహార్‌లోని షేర్‌ఘాటీ దగ్గర 1865 ఆగస్టు 25న పడిన, సుమారు 5 కిలోల అంగారక బసాల్టు శిల. షెర్గొటైట్లనే ఉల్కల తరగతికి ఈ ఊరి పేరే పెట్టారు. ఈ ఉల్క పుట్టుక చరిత్ర చాలావరకు పైరాక్సీన్ అనే ఖనిజపు స్ఫటికాల్లో దాగుంది. స్ఫటికం నడిమి భాగంలో మెగ్నీషియం ఎక్కువ. అంచుకు వచ్చేకొద్దీ ఇనుము పెరుగుతుంది. మాగ్మా చల్లారుతున్నప్పుడు తొలి స్ఫటికాలు మెగ్నీషియాన్ని లాగేసుకోవడంతో మిగిలిన ద్రవంలో ఇనుము పాలు హెచ్చింది. నడిమి భాగాలు లోతున నిదానంగా పెరిగాయనీ, అంచులు మాగ్మా పైకి ఎగదన్నాక త్వరగా గడ్డకట్టాయనీ చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఆ తర్వాత ప్లేజియోక్లేజ్ అనే ఖనిజం ఏర్పడింది. అంగారకుడిని గ్రహశకలం ఢీకొన్న తాకిడికి అది మాస్కెలినైట్ అనే గాజుగా మారింది; 1872లో ఖనిజ శాస్త్రవేత్త చెర్మాక్ ఈ ఉల్కలోనే దాన్ని తొలిసారి వర్ణించాడు. శిల గడ్డకట్టి సుమారు 17 కోట్ల ఏళ్లే అయింది. అంగారకుడి అగ్నిపర్వతాలు అంత ఇటీవలి దాకా రగిలాయనడానికి ఇది అమూల్యమైన సాక్ష్యం.