రొట్టెయందలి పవిత్రత

ప్రాచీన యూదుల గృహములలో స్త్రీలు యవలనో గోధుమలనో తిరుగటిలో విసరి, ఆ పిండిని నీటితో కలిపి, వెనుకటి పులిసిన ముద్దలో కొంత చేర్చి, అది పొంగిన పిమ్మట మట్టిపొయ్యి లోపలిగోడకు అంటించి కాల్చుచుండిరి. తిరుగటిని తాకట్టు పట్టుట ప్రాణమునే తాకట్టు పట్టుటయని ద్వితీయోపదేశకాండము నిషేధించుటను బట్టి, ఆ రాతికి వారి జీవనమున గల స్థానము విదితమగుచున్నది.

ఇంటి రొట్టెకే ఇంతటి గౌరవముండగా, ఆలయపు రొట్టె మహిమను వేరుగ చెప్పవలయునా? యాజకులు మెత్తని గోధుమపిండితో చేసిన 12 రొట్టెలను, ఇశ్రాయేలు ప్రజలందరి పక్షమున, రెండు వరుసలుగా దేవుని సన్నిధిని బంగారు బల్లపై ఉంచి, ప్రతి విశ్రాంతిదినమున వానిని మార్చి, తీసినవానిని పవిత్రస్థలముననే భుజించుచుండిరి. పస్కా పండుగయందు మాత్రము, పిండి పులియుటకైనను వ్యవధి లేక ఐగుప్తును వీడిన పూర్వుల స్మృత్యర్థము, 7 దినములు పులియని రొట్టెలనే తినవలయునని విధి.

ఈ సంప్రదాయమున పెరిగిన యేసు కడపటి భోజనమున రొట్టెను విరిచి శిష్యులకిచ్చి, అది తన శరీరమని పలికెను. కొండలపై చెదరియున్న ధాన్యము కూడి ఒక్క రొట్టెయైనట్లే సంఘమును ఏకము కావలయునని ‘డిడాఖే’ అను ఆదిమ క్రైస్తవ గ్రంథమందలి ప్రార్థన వేడుచున్నది. మానవశ్రమయు, దైవకృతజ్ఞతయు, పంచుకొను బుద్ధియు కలిసినప్పుడే ఆహారము పవిత్రమగునని ఈ చరిత్ర మనకు బోధించుచున్నది.